దస్తగిరి మరిచిన బోల్టు

అనగనగా, కొండదారికి మూడు ఆమడల దూరాన ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో ఒక కార్ల దుకాణం. ముందువైపు అద్దాల గదిలో కొత్త కార్లు మెరుస్తూ ఉండేవి. వెనకవైపు రేకుల షెడ్డులో పాత కార్లు మూలుగుతూ ఉండేవి.

ఆ షెడ్డులో దస్తగిరి అనే మెకానిక్ పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. వైద్యుడు నాడి చూసినట్టు ఇంజను మీద అరచెయ్యి పెట్టి, జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు. ఎలుక కొరికిన తీగ కనబడితే తీగనే మార్చేవాడు గాని, ఇంజనంతా విప్పాలని ఎవరినీ బెదరగొట్టేవాడు కాదు. అందుకే దుకాణం యజమాని చెంచురామయ్యకు అతనంటే గురి.

ఒక శుక్రవారం ఉదయం పట్టాభి మాస్టారు తన కారు తెచ్చాడు. చంటిబిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడానికి ఆ మధ్యాహ్నమే ఇంటిల్లిపాదీ కొండమీది గుడికి బయలుదేరుతున్నారట. ముసలి తల్లి కూడా వస్తోందని, బ్రేకులు ఒకసారి జాగ్రత్తగా చూడమని చెప్పాడు.

బ్రేకులు బాగా అరిగి ఉన్నాయి. దస్తగిరి అరిగినవి తీసి కొత్తవి వేశాడు. చివరి చక్రం దగ్గర ఉండగా మేనేజరు భుజంగరావు కేకేశాడు. అద్దాల గది ముందు ఎవరి కారో కదలడం లేదట. దస్తగిరి వెళ్ళి అది చూసి వచ్చాడు. వచ్చి చక్రం బిగించాడు. మాస్టారు సంతోషంగా కారు తీసుకువెళ్ళాడు.

మధ్యాహ్నం పనిముట్లు తుడుస్తుంటే పళ్ళెంలో ఒక బోల్టు కనబడింది. దస్తగిరి దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. అది బ్రేకును పట్టి ఉంచే బోల్టు. అలాంటివి చక్రానికి రెండు. ఇప్పుడు ఆ చివరి చక్రానికి ఒక్కటే ఉంది. చదును నేల మీద అది ఆగవచ్చు. కొండ దిగే మలుపుల్లో ఆగుతుందని ఎవరు చెప్పగలరు?

మాస్టారికి మూడుసార్లు ఫోన్ చేశాడు. మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. భుజంగరావు విషయం విని, ఊరుకోమన్నాడు. రెండో బోల్టు ఉంది కదా, ఏమీ కాదన్నాడు. నోరు విప్పితే నీ ఉద్యోగమూ, దుకాణం పేరూ రెండూ పోతాయని హెచ్చరించాడు.

దస్తగిరి బోల్టు జేబులో వేసుకుని, పానాలు సంచిలో పెట్టుకుని, మోటారుసైకిలెక్కాడు.

పెట్రోలు బంకులో అడిగాడు. ఇందాకే వెళ్ళారన్నారు.

ఊరి చివర చెరుకురసం బండి దగ్గర అడిగాడు. పిల్లలు రసం తాగి ఇప్పుడే కదిలారన్నారు.

ఇంకా ముందుకు వెళితే రైలు గేటు వేసి ఉంది. పొడవాటి గూడ్సు బండి తాపీగా సాగిపోతోంది. ఆగిన వాహనాల వరుసలో నాలుగోది మాస్టారి కారు. దస్తగిరి ఆ గూడ్సు బండికి మనసులోనే సలాం చేసుకున్నాడు.

కారు పక్కన నిలబడి బోల్టు చూపించాడు. "మాస్టారూ, ఇది మీ కారుది. బిగించడం మరిచాను. తప్పు నాదే. మధ్యలో ఎవరు పిలిచినా, చూసుకోవలసింది నేనే."

మాస్టారి ముఖం ఎర్రబడింది. ఇంతమంది ప్రాణాలు నీ చేతిలో పెడితే ఇదా నువ్వు చేసిందని గట్టిగా మందలించాడు. దస్తగిరి తల వంచుకుని నిలబడ్డాడు.

అప్పుడు వెనక సీట్లోంచి మాస్టారి తల్లి అచ్చమ్మ మెల్లగా అంది. "కోప్పడకు నాయనా. మరిచిన చెయ్యి ఇతనిదే. పరిగెత్తుకొచ్చిన కాళ్ళూ ఇతనివే."

మాస్టారు కారును రోడ్డు వారకు తీసి ఆపాడు. దస్తగిరి బోల్టు బిగించి, నాలుగు చక్రాలూ మళ్ళీ విప్పి చూశాడు. పని అయ్యేసరికి అతని చొక్కా చెమటతో తడిసిపోయింది. అచ్చమ్మ పులిహోర పొట్లం విప్పి అతని చేతిలో పెట్టింది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని ఆమెకు ఎలా తెలిసిందో! అది తింటుంటే అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

తిరిగి వచ్చి జరిగింది జరిగినట్టు చెంచురామయ్యకు చెప్పాడు. ఇలాంటివాణ్ణి ఉంచితే దుకాణానికి ఎవరూ రారని భుజంగరావు పట్టుబట్టాడు. యజమాని ఎటూ తేల్చుకోలేక, తాను కబురు చేసేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నాడు.

మూడో రోజు కొండ దిగిన కారు తిన్నగా దుకాణం ముందు ఆగింది. గుండు మీద గంధం పూసిన బిడ్డను ఎత్తుకుని మాస్టారు లోపలికి వచ్చి, దస్తగిరి ఏడని అడిగాడు. సంగతి విని యజమాని వైపు తిరిగాడు.

"తప్పే చేయని మెకానిక్ నాకు ఎక్కడా దొరకడు. చేసిన తప్పు వచ్చి చెప్పినవాడు దొరికాడు. నా కారు ఇక అతని చేతికే ఇస్తాను."

చెంచురామయ్య తానే దస్తగిరి ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చాడు. దస్తగిరి రెండే కోరాడు. బ్రేకు మీద చెయ్యి ఉన్నప్పుడు ఎవరినీ మధ్యలో పిలవవద్దని, ఒకరు బిగించినది మరొకరు చూడాలని. యజమాని ఆ రోజునుంచే అలా నియమం పెట్టాడు. దస్తగిరి బిగించిన మొదటి బోల్టును పట్టి చూసినవాడు భుజంగరావే. తనను ఆ పూట కోప్పడిన మాస్టారికీ, అన్నం పెట్టిన అచ్చమ్మకూ దస్తగిరి బతికినంతకాలం కృతజ్ఞుడై ఉన్నాడు.

పొరపాటు చేయని చెయ్యి లోకంలో లేదు. పొరపాటును దాచక దిద్దుకున్న చేతినే లోకం నమ్ముతుంది.