మొదటి బ్యాటరీ బరువు

మూడు నెలల్లో రెండుసార్లు బ్యాటరీ మార్చినా, పొద్దుగూకేసరికి బండిలో దీపాలు కునికిపాట్లు పడుతూనే ఉన్నాయి. మద్దిలేటికి తల కొట్టేసినట్టయింది. ఖాదరయ్య గురువుగారి శిష్యుడు కాకముందు అతను నంద్యాలలో ట్రాక్టర్లకు వైరింగు చేసినవాడు. ఈ బండిలో వైరింగంతా అతని చేతి మీదుగా జరిగిందే.

బండి అంటే పాత మినీబస్సు. సీట్లు పీకేసి మూడు పడకలు, ఒక పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టుకున్నారు. ఊరూరా తిరిగే ఫకీరైన గురువుగారికి అదే ఇల్లు, అదే ఆశ్రమం. దీపాలకూ ఫ్యానుకూ వెనక పడక కింద రెండు బ్యాటరీలు పక్కపక్కన ఉండేవి. విచిత్రమేమిటంటే ఎప్పుడూ మొదటిదే చచ్చేది. రెండోది పెట్టిన నాటి నుంచీ బండరాయిలా కూర్చుంది.

"అది దస్తగిరి లాంటిది సామీ," అన్నాడు మద్దిలేటి ఉడుక్కుంటూ. "పక్కనోడు చస్తున్నా కదలదు."

దస్తగిరి ఇంకో శిష్యుడు, నెమ్మదస్తుడు. చెప్పిన పని చేస్తాడు, చెప్పకపోతే కూర్చుంటాడు. బండి నడిపేది, వండేది, సామాన్లు తెచ్చేది, ఎక్కడ ఆగాలో ఖాయం చేసేది అంతా మద్దిలేటే. తాళాల గుత్తి కూడా అతని మొలకే వేలాడుతుండేది.

"ఇంక నా వల్ల కాదు సామీ. రేపు దస్తగిరి వాళ్ల ఊరి అడ్డరోడ్డు వస్తుంది. వాణ్ణి అక్కడ దించేద్దాం."

గురువుగారు గడ్డం నిమురుకున్నారు. "నీ ఇష్టమప్పా. బండి నడిపేది నువ్వే కదా. ముందు నీళ్లు తెండి."

ఆ బండిలో ఒక కట్టుబాటు ఉండేది. నీళ్లు ఎప్పుడూ ఇద్దరు కలిసే తేవాలి. వెదురుకర్ర నడుమ డబ్బా తగిలించి, చెరో కొస భుజాన వేసుకోవాలి. ఆ సాయంత్రం గురువుగారు కూడా బోరింగు దాకా వెంట వచ్చారు. డబ్బా నిండింది, ఇద్దరూ కర్ర ఎత్తారు. గురువుగారు డబ్బా తాడు పట్టుకుని మద్దిలేటి భుజం దగ్గరికి జరిపేశారు.

"సామీ, ఇట్లయితే బరువంతా నా మీదనే..."

"నడువప్పా."

నడిచాడు. బండి చేరేసరికి భుజం కమిలింది, చొక్కా చెమటతో తడిసిపోయింది. ముందు నడుస్తున్న దస్తగిరి హాయిగా కూనిరాగం తీస్తున్నాడు. మద్దిలేటికి ఒళ్లు మండింది.

"బరువుందా దస్తగిరీ?" అని అడిగారు గురువుగారు.

"లేదు సామీ. ఈ పొద్దు డబ్బా సగమే నింపినామా?"

గురువుగారు మద్దిలేటి వైపు తిరిగారు. "వాడు దోవలో కర్ర దించినాడా?"

"లేదు సామీ."

"మరి?"

 మద్దిలేటి భుజం రుద్దుకుంటూ, కర్ర మీద తాడున్న చోటే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గబగబా బండి ఎక్కి వెనక పడక పలక ఎత్తాడు.

బండిలోకి పోయే ప్లస్ వైరూ మైనస్ వైరూ రెండూ మొదటి బ్యాటరీకే బిగించి ఉన్నాయి. బిగించింది తనే, చేతికి అందేది అదే కదా అని. రెండోది ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపే సన్నటి ముక్క వైర్లతో పక్కన ఊరికే తగిలించి ఉంది. బరువు దాని దాకా రానే లేదు.

మద్దిలేటికి సిగ్గేసింది. వెంటనే నవ్వూ వచ్చింది. ముక్క వైర్లు పీకేసి లావుపాటివి వేశాడు. ప్లస్ వైరును మొదటిదానికే ఉంచి, మైనస్ వైరును రెండోదానికి మార్చి బిగించాడు. ఇక ఏ దీపం వెలగాలన్నా రెండూ చెయ్యి వెయ్యాల్సిందే.

పడుకునే వేళ దాకా దీపాలు తొణక్కుండా వెలిగాయి.

తెల్లారి, గుత్తిలోంచి వంటసామాన్ల పెట్టె తాళంచెవి తీసి దస్తగిరి చేతిలో పెట్టాడు. దస్తగిరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఏమీ అడక్కుండా బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశాడు. నోట పెట్టలేనంత ఉప్పు. గురువుగారు ఒక్క మాట అనకుండా రెండోసారి పెట్టించుకున్నారు.

మధ్యాహ్నానికి అడ్డరోడ్డు కనిపించింది. దస్తగిరి ఒళ్లో బట్టల మూట పెట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాడు. నిన్నటి మాట అతనూ విన్నాడు. గురువుగారు కళ్లు మూసుకున్నారు.

మద్దిలేటి బ్రేకు మీద కాలు పెట్టలేదు.

"ఆ మూట పైన పెట్టప్పా," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "రేపు ఉప్పు కొంచెం చూసి వెయ్యి."