నేల కప్పుకున్న గొంగడి

ఒకప్పుడు అడవిలో ఏ చెట్టూ ఎండాకాలం ముందు ఆకులన్నీ రాల్చేది కాదు. ముసలిదైన ఆకు ఎప్పుడో ఒకటి రాలేది. మిగతావన్నీ కొమ్మల్నే పట్టుకుని ఉండేవి.

ఆ రోజుల్లో నేల బాగా నల్లగా ఉండేది. ఎండిన గడ్డి, వాడిన పూలు, చచ్చిన వేళ్ళు, ఏది దొరికినా నేల కడుపులో దాచుకునేది. ఆ దాచుకున్నదే నలుపు. అక్కడ కంటికి కనబడని చిట్టిజీవులు ఎన్నో ఉండేవి. వాటికి ఆ నలుపే తిండి. నేల రోజూ కొంచెం కొంచెం పెట్టేది. అవి తిని, ఊపిరి వదిలి, నిద్రపోయేవి.

ఒక ఏడు ఎండ చాలా ముందుగా వచ్చింది. నేల వేడెక్కింది.

"అమ్మా, ఆకలి!" అన్నాయి చిట్టిజీవులు.

"ఇప్పుడే కదర్రా తిన్నారు?"

"ఏమోనమ్మా, ఒళ్ళు వేడెక్కితే ఆకలి ఎక్కువవుతోంది."

ఆకలన్న బిడ్డలకి లేదని చెప్పడం నేలకి చేతకాదు. ఇంకొంచెం పెట్టింది. అవి గబగబా తిన్నాయి. గబగబా ఊపిరి వదిలాయి. ఆ ఊపిరంతా పైకి పోయి ఆకాశం కింద దుప్పటిలా పరుచుకుంది. పగటి వేడి పైకి పోయే దారి లేక కిందే ఉండిపోయింది. నేల ఇంకా వేడెక్కింది. చిట్టిజీవులకి ఇంకా ఆకలేసింది.

'ఇలా తింటే వానలొచ్చేసరికి నా దగ్గర ఏమీ మిగలదు. అప్పుడు గింజల్ని దేంతో పెంచను?' అని నేల దిగులుపడింది. తన మీద నిలబడ్డ ఇప్పచెట్టుని అడిగింది.

"తల్లీ, నీకు ఇన్ని ఆకులున్నాయి. కొన్ని నామీద కప్పవా?"

"బాగుంది! ఎండ మండుతుంటే ఆకులిచ్చేసి నేను బోడిగా నిలబడనా?" అంది ఇప్పచెట్టు.

ఆ చెట్టు పక్క గుడిసెలో మల్కవ్వ ఉండేది. మేకలు కాచుకునే ముసలామె. తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క సొరగింజని చెట్టు కింద పాతింది. ఆ మధ్యాహ్నం నీళ్ళు పోయబోతూ మట్టి ముట్టుకుంది. చెయ్యి చురుక్కుమంది. మట్టి నలుపు తగ్గి బూడిదరంగుకి తిరిగింది.

"అయ్యో, ఒళ్ళు కాలిపోతోంది కదే నీకు!" అంది మల్కవ్వ. భుజం మీది గొంగడి తీసి నేలకి కప్పింది.

దారినపోయే ఆడవాళ్ళు నవ్వారు.

"అవ్వా, ఎండల్లో నేలకి గొంగడేంటి? రేపు చెవులకి గుడ్డ కూడా కడతావా?"

"కడతానే. దాని చెవులెక్కడున్నాయో చూపించు" అంది మల్కవ్వ.

పగలు ఎండ కాసినా తెల్లవారుజామున చలి పోని రోజులవి. మేకల మధ్య ముడుచుకుని వణుకుతున్న మల్కవ్వని ఇప్పచెట్టు చూసింది.

"అవ్వా, నీ గొంగడి ఏదీ?"

"నేల దగ్గరుంది."

"నీకు చలెయ్యదూ?"

"నా చలి పొద్దు పొడిస్తే పోతుంది. దాని బాధ పొద్దు పొడిస్తేనే మొదలవుతుంది, పాపం."

ఇప్పచెట్టు ఒక ఆకు వదిలింది. ఆ వెనకే ఇంకొకటి. పొద్దెక్కేసరికి కొమ్మల మీద ఒక్కటీ మిగల్లేదు. 'ఇక నా పని అయిపోయింది' అని చెట్టు కళ్ళు మూసుకుంది.

ఆకుల కింద నేల చల్లబడింది. చిట్టిజీవులు ఆవలించాయి. "ఇక చాలమ్మా" అని పడుకున్నాయి. ఆకాశం కింది దుప్పటి పల్చబడింది.

"నాకు కప్పిన చెయ్యి ఎండిపోకూడదు" అంది నేల. దాచుకున్న తడి, సారం వేళ్ళ వెంట పైకి పంపింది. చినుకు పడకుండానే, నడి ఎండలో, ఇప్పచెట్టుకి రాగిరంగు చిగుళ్ళొచ్చాయి. అది చూసి టేకు, మోదుగ కూడా ఆకులు వదిలాయి.

మల్కవ్వ గొంగడి ఎత్తి చూసింది. సొరమొలక రెండాకులు విప్పుకుని ఉంది. దాని చుట్టూ ఇప్పాకులు సర్ది, గొంగడి దులిపి భుజాన వేసుకుంది.

చెట్టుకి మనసేంటి, ఆకులు వాటంతటవే రాలతాయి అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అప్పటినుంచే, ఎండలు ముదిరే ముందు, అడవిలో చెట్లు ఆకులు రాలుస్తున్నాయి. కావాలంటే ఆ ఆకుల కింద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉంటుంది. నెమ్మదిగా పెట్టండి, లోపల పిల్లలు పడుకుని ఉంటారు.