గాజుల కోటిలింగం కొన్న గూడుబండి

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి రాజు ఉన్నాడు గాని, ఆయన మన కథలోకి రాడు. ఆయన తొందరలు ఆయనవి. మనకు కావలసింది ఆ రాజ్యంలో ఊరూరా తిరిగి గాజులమ్ముకునే కోటిలింగం.

కోటిలింగానికి ఒక పాత గూడుబండి ఉండేది. పెళ్లయిన కొత్తలో అందులో అతనూ, భార్య నాంచారమ్మా, గాజుల బుట్టలూ పోగా ఇంకా కాళ్లు చాపుకుని పడుకునేంత చోటు మిగిలేది. తరువాత పైడమ్మ పుట్టింది. గున్నడు పుట్టాడు. చంటిది పుట్టింది. కోటిలింగం తల్లికి కళ్లు మసకబారి, ఆమె కూడా వాళ్లతోనే బండెక్కింది. ఇప్పుడు నాంచారమ్మకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. బండి మాత్రం జానెడు కూడా పెరగలేదు.

కిందటేడు చిలకలేరు దాటుతున్నప్పుడు ఒక సంగతి జరిగింది. బండి అవతలి గట్టు ఎక్కుతుండగా, వెనక అంచున ఒదిగి కూర్చున్న గున్నడు జారి నీళ్లలో పడ్డాడు. పైడమ్మ కేక విని కోటిలింగం ఏట్లోకి దూకి, వాడి జుట్టు దొరకబుచ్చుకుని పైకి లాగాడు. పిల్లవాడికి ఏమీ కాలేదు. మర్నాటికే వాడు ఆ మాట మరిచిపోయాడు.

తండ్రి మరవలేదు. ఆనాటినుంచి అతనికి స్థిమితం లేదు. బండి తోలుతూ మాటిమాటికీ వెనక్కి తిరిగి పిల్లల తలలు చూసుకునేవాడు. తిన్నది ఒంటబట్టేది కాదు. అన్నిటినీ మించి, ఎవరి చేతికైనా గాజులు తొడుగుతుంటే అతని వేళ్లు వణికేవి. మణికట్టు దాకా రాకముందే గాజు చిట్లిపోయేది. పుణ్యస్త్రీల చేతిమీద గాజు పగిలిందనకూడదు, పెరిగిందనాలి. ఆ ఏడాది కోటిలింగం చేతిలో అలా ఎన్ని గాజులు పెరిగాయో చెప్పలేం. ఆడవాళ్లు మనసు నొచ్చుకుని, వేరే గాజులవాడు వచ్చేదాకా ఆగుదామనుకోసాగారు.

ఇంతలో వేసవి చివరికొచ్చింది. నాంచారమ్మ పుట్టిల్లు చిలకలేటికి అవతల ఉంది. కాన్పు అక్కడ, ఆమె తల్లి చేతుల మీదుగా జరగాలి. వానలు పడితే ఏరు పొంగుతుంది. పొంగితే దారి లేదు. పాత బండిలో ఆమెను ఎక్కించి ఆ గట్టు ఎక్కించే ధైర్యం కోటిలింగానికి లేదు. కొత్త బండి చేయించే స్తోమతూ లేదు. ఒకరు వాడి విడిచిన పెద్ద బండి ఏదైనా కొందామని, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని, ఏటి దగ్గరి సంతకు బయలుదేరాడు.

సంతలో బండ్ల బేరగాడు శోభనాద్రి ఎదురొచ్చాడు. అతని నోట్లో తమలపాకు, మాటలో తేనె ఎప్పుడూ ఉండేవి. కోటిలింగం ముఖంలోని గుబులు చూడగానే అతనికి సగం పని తీరిపోయింది. పిల్లలను పేరుపేరునా పలకరించాడు. ముసలమ్మకు నీడలో చాప వేయించాడు. ఇలాంటి కుటుంబం కోసమే పుట్టిన బండి ఒకటి తన దగ్గర ఉందని చెప్పి, చిలకపచ్చ రంగు వేసిన గూడుబండి ఒకటి చూపించాడు.

చూపు తిప్పుకోనివ్వని బండి అది. గూటికి ఇరువైపులా నెమళ్లు. చక్రాలకు ఎర్ర రంగు. ముందుకు చాచిన నొగలకు ఇత్తడి తొడుగులు. కోటిలింగం తన ఎద్దులు పుల్లణ్నీ మైలణ్నీ కట్టి, సంత మైదానంలో ఒక చుట్టు తోలి చూశాడు. ఖాళీ బండి నున్నటి నేల మీద గాలిలో తేలినట్టు పోయింది.

కోటిలింగానికి ఒక చిన్న గర్వం ఉండేది. ఏ ఆడమనిషి చేతికి ఏ గాజు పడుతుందో దూరంనుంచే చెప్పగలడు. బండినీ అలాగే కంటితో కొలిచేశానని అనుకున్నాడు. పైగా ఈ దిగులు ఇవాళతో తీరిపోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ కాలపు సంతల్లో బేరం నోటితో ఆడేవారు కాదు; పైన తుండుగుడ్డ కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని తేల్చుకునేవారు. శోభనాద్రి తుండు పరిచాడు. కోటిలింగం దాని కింద చేయి పెట్టాడు.

అప్పుడు నీడలోంచి నాంచారమ్మ పిలిచింది.

"ఏమయ్యా, గాజు కొలత మణికట్టు చూసి చెబుతావా, పిడికిలి చూసి చెబుతావా?"

కోటిలింగం తెల్లబోయాడు. గాజు ఉండేది సన్నటి మణికట్టు మీద. కాని అక్కడికి చేరాలంటే ముందు పిడికిలి దాటాలి. అందుకే ఏ గాజులవాడైనా చేయి ముడవమని ముందు పిడికిలిని చూస్తాడు; కుర్రతనంలో అతని తండ్రి నేర్పిన మొదటి పాఠం అదే. మరి ఈ నున్నటి మైదానం బండికి మణికట్టు కాదా? పిడికిలి అక్కడ, ఏటి గట్టు దగ్గర ఉంది. తన పనిలో నిద్రలో కూడా చేయని తప్పు, తన పిల్లల విషయంలో పట్టపగలు చేయబోయాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తుండు కింద నుంచి చేయి మెల్లగా తీసేసుకున్నాడు.

అందరినీ ఎక్కించి ఏటి గట్టు దాకా తోలి చూస్తానన్నాడు. అలా ఎవరూ అడగరని శోభనాద్రి నవ్వాడు. ఎవరూ అడగకపోతే నేను అడుగుతానని కోటిలింగం అన్నాడు. చుట్టూ నలుగురూ చూస్తున్నారు, కాదంటే అనుమానిస్తారు. శోభనాద్రి ఒప్పుకోక తప్పలేదు.

ముసలమ్మ ఎక్కింది. నాంచారమ్మ ఎక్కింది. పిల్లలు ఎక్కారు, గాజుల బుట్టలు ఎక్కాయి. బండి కదిలింది. కాస్త దూరం బాగానే పోయింది. ఎండ మాడుతోంది, చక్రాలు బరువు మీద తిరుగుతున్నాయి. ఏరు కనబడే సరికి కోటిలింగం ముక్కుకు ఒక వాసన తగిలింది. అది అతను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి పీలుస్తున్న వాసన. నిప్పుల మీద లక్క గాజు మెత్తబడేటప్పుడు వచ్చే వాసన.

అతను బండి ఆపి దిగాడు. ఎడమ చక్రం నడుమ, ఇరుసు దూరే కుండలోంచి ఎర్రటి చుక్క ఒకటి కారుతోంది. కుండ నిలువునా పగిలి ఉంటే, ఆ పగులులో లక్క కూరి పైన రంగు పూశారు. రాపిడికీ ఎండకూ లక్క కరుగుతోంది. ఇదే బండి రేపు ఏటి మధ్యలో ఉండేది. కోటిలింగం పిల్లలను ఒక్కొక్కరినే దించి, భార్య చేయి పట్టుకుని దించి, చివరికి తల్లిని దించి, ఆ తరువాత ఎప్పటికో ఊపిరి పీల్చుకున్నాడు.

వెంట నడిచి వచ్చిన శోభనాద్రి ఆ బండి సంగతి తనకూ తెలియదని ఒట్టు వేసి, వెంటనే రెండోది తెప్పించాడు. అది ఒక దొరగారి దివాణంలో తిరిగిన బండి. గది అంత పెద్ద గూడు, కింద పట్టు పరుపు. దీనికి పగుళ్లూ లేవు, లక్కా లేదు. పిల్లలు లోపల దొర్లి దొర్లి నవ్వారు. వాళ్ల నవ్వు విని చాలా కాలమైందని కోటిలింగానికి అనిపించింది. ఇదే అయితే బాగుండునని లోలోపల దండం పెట్టుకుని, అందరినీ ఎక్కించి తోలాడు.

ఏటికి దిగే దారిలో తరాలుగా బండ్లు నడిచి నడిచి రెండు లోతైన గాళ్లు పడి ఉన్నాయి. ఊళ్ల బండ్లన్నీ ఆ గాళ్లలోనే దిగుతాయి. దొరగారి బండి చక్రాల ఎడం ఎక్కువ. ఒక చక్రం గాడిలో పడింది, రెండోది గట్టు మీద నిలిచింది. బండి పక్కకు ఒరిగింది. గున్నడు దొర్లుకుంటూ వచ్చి అంచుకు తగిలాడు. ముసలమ్మ కేకపెట్టింది. కోటిలింగం కాడి పట్టుకుని వేలాడి ఎలాగో ఆపాడు.

ఆ కాలంలో ఎద్దులు మాట్లాడేవి. అయితే తమకు మేత వేసేవాళ్లతోనే మాట్లాడేవి. పుల్లడు రొప్పుతూ యజమాని వైపు తిరిగింది.

"లాగమంటే లాగుతాం, అయ్యా. కాని గట్టు ఎక్కేటప్పుడు ఇంత బరువు మా వల్ల కాదు. అప్పుడు నువ్వు మమ్మల్ని కొడతావు. ఇన్నేళ్లలో ఒక్కనాడూ కొట్టలేదు."

కోటిలింగం బండిని వెనక్కి మళ్లించాడు.

అప్పటికి పడమట మబ్బు పట్టింది. నాంచారమ్మ కాళ్లు వాచి, రాయి మీద కూలబడింది. శోభనాద్రి పక్కకు వచ్చి, పచ్చ బండినే లక్క తీసి ఇనుప కట్టు వేసి సగం ధరకు ఇస్తానని చెవిలో చెప్పాడు. అబద్ధమాడిన మనిషని తెలిసినా, ఒక్క క్షణం కోటిలింగం మనసు అటే లాగింది. ఏదో ఒకటి తీసేసుకుని ఈ భయం ఇక్కడితో తెంచుకుందామనిపించింది. భయపడ్డవాడికి తొందర ఎక్కువ. ఆ సంగతి శోభనాద్రికి తెలుసు.

మబ్బు ఉరిమింది. కోటిలింగం తలెత్తి చూసేసరికి, గట్టు పక్కన రంగూ హంగూ లేని పాత గూడుబండి ఒకటి కనబడింది. దాని పక్కన గానుగ సూరమ్మ కూర్చుని ఉంది. ఆమె గానుగాడించి నూనె అమ్ముకునే మనిషి. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లాక, ఇంత బండి తనకెందుకని అమ్మకానికి తెచ్చింది. పొద్దుటినుంచి ఎవరూ దాని ముఖం చూడలేదు. ఎందుకు చూడలేదో కోటిలింగానికి తొందరగానే తెలిసింది. అడిగినవాడికల్లా ఆమె లోపాలు ముందు చెబుతోంది.

"గూడు కుడి మూల కారుతుంది, నాయనా. చక్రంలో ఒక ఆకు కర్ర విరిగితే కొత్తది వేయించాను, రంగు కలవదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇరుసు మూలుగుతుంది, పిల్లలు జడుసుకుంటారేమో. మూలిగినా ఆగదు."

కోటిలింగం గుండె ఇంకా జారింది. మంచిదని పొగిడిన బండే అలా ఉంటే, చెడ్డదని చెప్పిన బండి ఎలా ఉంటుంది? ఏం చేయాలో తోచక బండి చుట్టూ తిరిగాడు. వెనక్కి వచ్చి ఆగిపోయాడు. వెనక అంచుకు అడ్డంగా ఒక పలక కొట్టి ఉంది. ఆ పలక పై అంచు మాత్రం నున్నగా అరిగి మెరుస్తోంది. ఎవరు అరగదీశారని అడిగాడు.

"మా అయిదుగురు పిల్లలు," అంది సూరమ్మ. "పెద్దాడు ఒకసారి జారిపోబోతే మా ఆయన అది కొట్టాడు. అది పట్టుకునే అందరూ పెరిగారు. ఒక్కరూ పడలేదు."

కోటిలింగం ఆ పలక మీద చేయి పెట్టి చాలాసేపు తీయలేకపోయాడు. తనలా భయపడ్డ తండ్రి ఇంకొకడు ఉన్నాడన్నమాట.

అయినా మాట విని కొనలేదు. అందరినీ ఎక్కించి తోలాడు. చక్రాలు గాళ్లలో తిన్నగా దిగాయి. నీళ్లు ఇరుసును తాకాయి. అవతలి గట్టు ఎక్కేటప్పుడు బండి, ఆమె చెప్పినట్టే, మూలిగింది. గున్నడు రెండు చేతులా పలక పట్టుకుని, బండి మూలుగును వెక్కిరిస్తూ తనూ మూలిగాడు. పుల్లడూ మైలడూ కొరడా లేకుండానే పైకి లాగేశాయి. గట్టు మీదికి చేరాక కోటిలింగానికి ఒక సంగతి తట్టింది. ఎక్కినంతసేపూ తాను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఒక్కడే ఏరు దాటి వెనక్కి వచ్చి, సూరమ్మ అడిగిన ధర తుండుగుడ్డ లేకుండా, అందరి ఎదుటా ఆమె చేతిలో పెట్టి, మళ్లీ అవతలికి చేరాడు. సరిగ్గా అప్పుడే వాన దిగింది. గూడు కుడి మూల కారింది. ముసలమ్మ ముందే తెలిసిన మనిషిలా అక్కడ చెంబు పెట్టి కూర్చుంది. వెనక ఏరు ఎర్రగా పొంగి, వాళ్లు వచ్చిన దారిని ముంచేసింది. శోభనాద్రి పచ్చ బండికి మళ్లీ రంగు వేయిస్తున్నాడని ఆ తరువాత విన్నారు.

పుట్టింట్లో నాంచారమ్మ ఆడపిల్లను కన్నది. బారసాలనాడు పసిదానికి నల్లగాజులు తొడగమని కోటిలింగాన్ని అడిగారు. అతను పక్కన కూర్చుని, ఆ చిట్టి పిడికిలిని ముందు తన వేళ్లతో మెల్లగా ముడిచి చూసుకున్నాడు. తరువాత గాజు ఎక్కించాడు. అతని చేయి వణకలేదు, గాజు పెరగలేదు.

పిల్లలూ, ఏదైనా ఎంచుకోవలసివస్తే అది సుఖంగా నడిచే చోట కాదు, కష్టంగా దాటే చోట చూసి ఎంచుకోండి; లోపం దాచి పొగిడేవాడికన్నా, లోపం చెప్పి ఇచ్చేవాడే మనవాడు.