పొరుగు గట్టు ప్యాకేజీ

వాగు ఒడ్డున మనుషులు వదిలేసిన పంపుహౌసులో ఒక కంప్యూటరు, దానికి తగిలించిన సైరను ఉండేవి. వాగు పొంగితే సైరను మోగాలి, పల్లంలోని కుందేళ్లు పిల్లలతో గట్టెక్కాలి. ఆ గదికి కాపలా ఉడుత. ఏది చూసినా "ఇదెందుకిలా?" అని అడగందే దానికి తోక నిలవదు.

ఒక మధ్యాహ్నం నక్క పెన్‌డ్రైవు కరుచుకుని వచ్చింది.

"ఉడుతమ్మా, అవతలి గట్టు కోతుల ప్రోగ్రాము తెచ్చా. కొండల్లో వాన పడుతుండగానే వాగు ఎంత పెరుగుతుందో బొమ్మ గీస్తుంది! ఇది ఎక్కించానంటే ఈ వెచ్చని గది నాది. సరేనా?"

"వాళ్ల కంప్యూటరును నడిపే లినక్సు వేరు కదా, మామా?"

"వేరేమిటే! మనదాంట్లోంచి పుట్టిందే వాళ్లది. తల్లీ బిడ్డా. బిడ్డ చొక్కా తల్లికి..." నక్క నాలిక్కరుచుకుంది. "నువ్వు ఎక్కించవే!"

కంప్యూటరు ఒప్పుకోలేదు. ఈ ప్యాకేజీకి, అంటే మూటకట్టిన ఈ ప్రోగ్రాముకు, కొత్త లైబ్రరీ కావాలి, ఇక్కడున్నది పాతది అంది. లైబ్రరీ అంటే ప్రోగ్రాములన్నీ కలిసి వాడుకునే పనిముట్ల పెట్టె అనుకోండి.

"కొత్త పెట్టె కూడా తెచ్చాగా, మార్చేయ్!" అంది నక్క.

గుమ్మంలో నెమరేస్తున్న ఎద్దు తల తిప్పింది. "పాతది పారేయకుండా దాచమ్మా. మార్చాక సైరను ఓసారి మోగించి చూడు."

"ఎందుకు బావా అంత భయం? అది మోగకపోతే నేనే మోగుతా, పో!"

ఉడుత పాత పెట్టె దాచి, కొత్తది పెట్టింది. తెర మీద నీలంగా వాగు కదిలింది. కొండల్లో వాన! నీళ్లు ఉరికొస్తున్నాయి! ఉడుత కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది.

"బాగుంది. మరి కుందేళ్లకెలా తెలుస్తుంది?" అంది ఎద్దు.

ఉడుత సైరను నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. ఊహూఁ. సైరను ప్రోగ్రాముకు కావలసిన పాత పనిముట్టు కొత్త పెట్టెలో లేదు మరి.

"బావా, మాటిచ్చావు. వాగు వైపు నిలబడి మోగు," అంది ఎద్దు.

నక్క ఊళ వింటే కుందేళ్లు ఆగుతాయా? పిల్లల్ని కరుచుకుని ఒక్క పరుగున గట్టెక్కాయి. ఉడుత పాత పెట్టె తిరిగి పెట్టేసరికి సైరను గొంతెత్తింది, పల్లంలోకి నీళ్లూ వచ్చాయి.

"అయితే ఆ బొమ్మ మనకిక రాదా, తాతా?" అని ఉడుత ఎద్దునడిగింది.

"ఎందుకు రాదూ? కోతుల్ని అడగాల్సింది కట్టేసిన మూట కాదు, ఆ ప్రోగ్రాము రాసుకున్న మూల కోడ్. మన పెట్టెకు సరిపడేలా ఇక్కడే తయారు చేసుకో."

ఉడుత అలాగే చేసింది. అక్కడక్కడా దిద్దుకోవలసి వచ్చింది గాని, బొమ్మా కదిలింది, సైరనూ మోగింది.

బురద కాళ్లతో గుమ్మం దగ్గర నిలబడ్డ నక్కను ఉడుత పలకరించింది. "మామా, గది సంగతి మాట్లాడదామా?"

మాట్లాడటానికి నక్కకు గొంతు మిగిలితేగా!

నీతి: చుట్టాలింటి చొక్కా అయినా, మన కొలతకు కుట్టించుకున్నాకే తొడుక్కోవాలి.