కదలని పుట్టి

సూరాంబకు ఆ చలికాలమంతా ఒకటే దిగులు. ఏట్లో పుట్టిలు కనబడకుండా పోతున్నాయి.

ఆమె జమీందారిణి. ఏటికి రెండువైపులా ఊళ్ళు ఆమెవే. రేవులో గంగులమ్మా, మరికొందరు ఆడవాళ్ళూ కలిసి పుట్టిలు నడిపేవాళ్ళు. వెదురుతో బుట్టలా అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవలు అవి. సంతకు పోయేవాళ్ళ దగ్గర కూలి తీసుకునేవాళ్ళు. నొప్పులు పడే ఆడవాళ్ళనీ, మంచాన పడ్డవాళ్ళనీ ఊరకే దాటించేవాళ్ళు. మంత్రసానీ, వైద్యుడూ ఉండేది ఇవతలి ఒడ్డునే మరి. ఆ కూలితోనే ఈ పుణ్యం నడిచేది.

సూరాంబ అది చూసి మురిసిపోయింది. పట్టుచీరలు పెట్టింది. కొత్త తోళ్ళు ఇప్పించింది. నిండు కొలువులో గంగులమ్మ చేతికి వెండి కడియం తొడిగింది. అయినా రేవు నిండా ఉండే పుట్టిలు ఒకటొకటిగా మూలపడి, చివరికి ఒక్కటి మిగిలింది. మొన్న అవతలి ఒడ్డున ఒక పిల్ల ఎదురుచూసి ఎదురుచూసి ఇసుకలోనే ప్రసవించింది. బిడ్డ దక్కలేదు. ఈ ఒక్కటీ ఆగిపోతే ఇక దాటించే దిక్కే లేదు.

ఆ బాధతోనే ఒక తెల్లవారుజామున, గంగులమ్మ పుట్టిలోనే, ఏటి నడుమ లంకలో ఉండే జమాల్ బాబా దగ్గరికి వచ్చింది. చిన్నప్పటినుంచీ ఆమెకు ఆయనే గురువు.

"ఇంకా ఏమివ్వాలి బాబా? ఇవ్వనిదంటూ లేదు."

బాబా నిప్పుల మీద సాంబ్రాణి చల్లుతున్నాడు. "గంగులును అడిగావా?"

"అడిగితే, అంతా మీ చలవ దొరసానీ అంటుంది."

"చలవే మరి. వణికిపోతోంది చూడు."

గంగులమ్మ గడప బయట కూర్చుని తడిసిన చీర అంచు పిండుకుంటోంది. బాబా అటు తిరిగాడు. "ఏమే గంగులూ, సంతరోజున కనబడవేం?"

"పోయినేటి వేలంపాటనుంచీ సంతరోజున రేవు పాటదారుది బాబా. ఎక్కువ పాడుకున్నాయన పడవలే తిరగాలి. మిగతా రోజులు రేవంతా మాదే. మేమూ, కాకులూ."

"మరి రోగుల్ని దించుకోనిస్తారా?"

"ఎందుకు దించుకోనివ్వరు? ఒడ్డు తాకితే సుంకం కట్టాలి, అంతే. లోపల ఎవరున్నారో సుంకంవాడు చూడడు పాపం."

సూరాంబ కాస్త చిరాకుపడింది. "రేవు పాట దివాణం ఆనవాయితీ బాబా. తాతలనాటిది. వచ్చేవారం మళ్ళీ పాట ఉంది కూడా. అది ఖజానా సంగతి. నేను అడుగుతున్నది ధర్మం సంగతి."

"అవునమ్మా, రెండూ వేరే," అంది గంగులమ్మ, తల ఎత్తకుండా.

బాబా లేచాడు. "పొద్దెక్కుతోంది. పద బిడ్డా, నేను సాగనంపుతాను."

బయట మంచు ఏటినీ ఆకాశాన్నీ ఒక్కటి చేసేసింది. సూరాంబ పుట్టిలో కూర్చుంది. బాబా ఆమె ఒళ్ళో జామపళ్ళు పోశాడు. గులాబీలు పోశాడు. తన కంబళి తీసి భుజాల చుట్టూ కప్పాడు. గంగులమ్మ చెవిలో ఏదో చెప్పి, పుట్టిని రెండుచేతులా నీళ్ళలోకి తోశాడు.

తెడ్డు మెత్తగా పడుతోంది. కంబళి వెచ్చగా ఉంది. మంచులోంచి నీడలు వచ్చి పోతున్నాయి. ఇది మామిడితోపు కాబోలు, ఇది ఏనుగుబండ కాబోలు అనుకుంది సూరాంబ. కళ్ళు మూతపడ్డాయి. తను ఏలే ఊళ్ళన్నీ దూదిపింజల్లా పక్కనుంచి తేలిపోతున్నట్టు, ప్రతి ఒడ్డునా ఎవరో చంటిబిడ్డని ఎత్తి చూపిస్తున్నట్టు అనిపించింది.

ఒక కోడి కూసింది. కాసేపటికి ఇంకో ఊళ్ళో ఇంకో కోడి, అచ్చం అలాగే కూసింది. సాంబ్రాణి వాసన వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది.

"ఇంకేం కావాలి బిడ్డా?" బాబా గొంతు మంచులోంచి వినిపించింది.

ఇంత దూరం వచ్చినా వినిపిస్తోందంటే మహిమే. సూరాంబ కళ్ళు తెరవకుండానే దణ్ణం పెట్టింది.

"పాలు పంపించనా? దుప్పటి పంపించనా?" గొంతు మళ్ళీ వచ్చింది. ఒక గులాబీ వచ్చి చెంపమీద పడింది.

అప్పుడు సూరాంబ కళ్ళు తెరిచింది.

మంచు విడిపోతోంది. ఎదురుగా బాబా గుడిసె. గుడిసె ముందు నిప్పుల కుంపటి. కోడి దానిపక్కనే గింజలు ఏరుకుంటోంది. పుట్టి ఒడ్డుకు రెండు బారల దూరంలో, ఉన్నచోటనే మెల్లగా గిరగిరా తిరుగుతోంది. గంగులమ్మ మాత్రం మహా శ్రద్ధగా తెడ్డు వేస్తోంది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒడ్డున బాబా నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో గులాబీల బుట్ట. ఇంకో చెయ్యి ఆశీర్వదిస్తోంది. పుట్టికి కట్టిన మోకు ఇసుకమీదుగా పాకి ఆయన కాలికింద ఆగిపోయింది.

"బాబా, ఇదేమిటి? మేమింకా ఇక్కడే ఉన్నాం."

"అయ్యో. పళ్ళు చాలలేదా?" ఆయన ఇంకో జామపండు విసిరాడు.

"పళ్ళు ఎందుకు బాబా. ముందు మీరు కాలు తియ్య..."

మాట అక్కడే ఆగిపోయింది. సూరాంబ ఆ కాలివంక చూసింది. దానికింద నొక్కుకుపోయిన మోకువంక చూసింది. ఒళ్ళో పళ్ళు ఒక్కొక్కటే జారి పుట్టిలో దొర్లాయి. ఆమె పట్టుకోలేదు.

గంగులమ్మ తెడ్డు ఆపింది. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు.

బాబా కాలు పక్కకు తీశాడు. మోకు ఇసుకమీద సర్రున జారి నీళ్ళలో పడింది. పుట్టి తిరగడం మాని, నీటివాలుకు సాగింది.

కాస్త దూరం పోయాక గంగులమ్మ అడిగింది.

"కోటకేనా దొరసానీ?"

"కాదు. దివాణం కచేరీకి పోనీ. రేవు పాటా, సుంకమూ సంగతి తేల్చాలి."

గంగులమ్మ తెడ్డు లోతుగా వేసింది.