దబ్బనంతో కుట్టిన పుస్తకం

ఓపెన్ స్కూల్ పదో తరగతిలో సలోమి ఇంగ్లిషు తప్పింది. మిగతావన్నీ గట్టెక్కాయి, అదొక్కటే ముంచింది. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్న మనిషి టీచరు కావాలంటే పదో తరగతి ఉండాలి. వాళ్ల వాడలోనే టీచరు పోస్టు ఖాళీగా ఉంది. ఈ విడత కూడా తప్పితే అది ఇంకొకరి పాలవుతుంది.

అందుకని సాయంత్రాలు కాన్వెంటు వరండాలో సిస్టర్ బెర్నడెట్ దగ్గర చేరింది. సిస్టర్ బడి నుంచి రిటైరయ్యారు గానీ చదువు చెప్పడం నుంచి కాలేదు.

"క్రియలకు మూడు రూపాలు. రాస్తేనే చేతికొస్తాయి. రోజూ రాయండి" అన్నారు మొదటిరోజే.

అవి బళ్లు తెరిచే రోజులు. నోటుబుక్కుల ధరలు అడిగి సలోమి కొట్టు మెట్లు దిగొచ్చేసింది. ఇంట్లో పిల్లల పాత పుస్తకాలన్నీ ముందేసుకుని, రాయని కాగితాలు ఏరి, అంచులు సరిచేసి, దబ్బనంతో కుట్టింది. పాత క్యాలెండరు కాగితాలు అట్టలయ్యాయి. పిల్లలిద్దరికీ సరిపోగా తనకూ ఒకటి వచ్చింది. ఆ సంబరం పట్టలేక కాన్వెంటుకు ఇంచుమించు పరిగెత్తింది.

"చూడండి సిస్టర్! ఈ ఏడు నోటుబుక్కుల ఖర్చే లేదు!"

సిస్టర్ దారాన్ని గోటితో లాగి చూశారు. "కుట్టు గట్టిగా ఉంది."

సలోమి మొహం చాటంతయింది.

వారం తిరిగాక సిస్టర్ ఆ పుస్తకం అడిగారు. మొదటి పేజీలో గో, కమ్, ఈట్, సీ, ఇంకో నాలుగైదు. ముత్యాల్లాంటి అక్షరాలు. కొట్టివేత అన్నది లేదు.

"ఒక్క తప్పూ లేదండీ" అంది సలోమి, అడగకముందే.

తనలాగే పరీక్షకు చదువుతూ పక్కన కూర్చున్న మస్తాన్‌బీ కిసుక్కున నవ్వింది. "ఆ పుస్తకం కొత్త పెళ్లికూతురు సిస్టర్. ఈగ వాలినా ఊరుకోదు."

"నీ పుస్తకంలా దున్నిన చేను కాదులే!"

"బ్రింగ్ ఏదమ్మా?" అన్నారు సిస్టర్.

"అది ఇంకా గట్టిగా రాదండీ. వచ్చాక రాద్దామని."

"టీచ్? బయ్?"

"అవీ అంతే. తప్పు రాస్తే కాగితం దండగ కదండీ!"

సిస్టర్ ఎర్రసిరా పెన్ను తీసి, తెల్లటి పేజీ తిప్పి, ఆ చివర నుంచి ఈ చివరకు ఇంతింత అక్షరాలతో బరికారు: బ్రింగ్, బ్రింగ్డ్, బ్రింగ్డ్.

సలోమి దిగ్గున లేచింది. "అయ్యయ్యో! తప్పు సిస్టర్, అది తప్పు!"

"మరి ఒప్పేది?"

"బ్రాట్!"

వరండా మొత్తం మోగింది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని సలోమి తెల్లబోయింది.

"టీచ్?"

"టాట్!"

"బయ్?"

"బయ్డ్... కాదు కాదు, ఉండండి... బాట్!"

"వచ్చేసిందే దీనికి!" మస్తాన్‌బీ చప్పట్లు కొట్టింది.

సిస్టర్ పెన్నుకు మూత పెట్టి, పుస్తకం సలోమి వైపు జరిపారు.

"పాడైపోయింది. ఇంక రాసుకో."

సలోమి అక్కడే నేలమీద చతికిలబడి, ఆ ఎర్రగీతల కిందే మొదలుపెట్టింది. ఏ రోజైనా ముందు రానివే రాయాలి, వచ్చినవి తర్వాత అనుకుంది. పరీక్షనాటి పొద్దున, పొయ్యి మీద అన్నం పొంగి పోతున్నా, అలాగే రాసింది.