రాజహంసకు పెట్టిన మూడు వంకలు

అనగనగా, రాజులకు రాజ్యాలు పోయి కార్లు మాత్రం మిగిలిన రోజుల్లో, గువ్వలకొండ అని ఒక సంస్థానం ఉండేది. ఆ సంస్థానానికో రాజావారు. ఆ రాజావారికో కారు. పొడుగాటి ముక్కు, ఆకుపచ్చని ఒళ్ళు, పక్కన రబ్బరు బూర. బూర నొక్కితే బాతు అరిచినట్టు అరిచేది. అయినా సరే, దాని పేరు రాజహంస!

రాజావారు కాలం చేసేముందు డ్రైవరు పేరయ్యను పిలిచి, "నీకు జీతం సరిగ్గా ఇచ్చిన పాపాన పోలేదురా. ఈ కారైనా ఉంచుకో" అన్నారు. పేరయ్య కళ్ళు తుడుచుకుని ఉంచుకున్నాడు. కానీ పూరింటి ముందు రాజహంసను ఉంచుకోవడమంటే ఏనుగును కట్టేసుకోవడమే. అది తాగే పెట్రోలు పోయలేక, దాని నీడనే నిద్రపోయేవాడు.

పేరయ్యకు ఒక్కతే కూతురు, నాంచారి. మాటకు మాట అప్పజెప్పే పిల్ల. తండ్రి దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చింది. ఆ పిల్లకో కోరిక ఉండేది. కొండమీద గూడేలవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని సంతకు దిగేవారు, పొద్దు వాలుతుంటే మళ్ళీ ఎక్కేవారు. ముసలివాళ్ళైతే ఎక్కలేక మధ్యలోనే కూలబడేవారు. వాళ్ళకోసం ఒక బస్సు నడపాలని నాంచారి కోరిక.

పట్నంలో ఒకాయన తన బస్సు అమ్ముతానన్నాడు. "ఈ సంత వరకే ఆగుతానమ్మా. ఆపైన ఎవరొస్తే వాళ్ళకిచ్చేస్తా" అన్నాడు.

రాజహంసకు సరైన ధర వస్తే బస్సు వస్తుంది. రాకపోతే కొండవాళ్ళకు మళ్ళీ నడకే.

"ఇంతకీ సరైన ధరంటే ఎంత నాన్నా?" అంది నాంచారి.

"ఎద్దు ధర అడుగు, కళ్ళు మూసుకుని చెబుతా. దీని ధర నాకేం తెలుసే?" అన్నాడు పేరయ్య.

గువ్వలకొండ సంతలో బేరానికి ఒక పద్ధతి ఉంది. ఎడ్లకోసం పుట్టిన పద్ధతి. కొనేవాడు ముందు ఒక వంక పెట్టాలి. అమ్మేవాడు ఆ వంకను సరిచేసైనా ఇవ్వాలి, ధరైనా తగ్గించాలి. పగ్గం పాతదంటే కొత్త పగ్గం కట్టాలి. గిట్టకు నాడా లేదంటే కొట్టించి ఇవ్వాలి. కొనేవాడి కంటికి ఆనని వంక మాత్రం అమ్మేవాడు చెప్పక్కర్లేదు. కొన్నాక ఏడిస్తే ఆ ఏడుపు కొన్నవాడిదే.

సంత రోజున రాజహంసను కడిగి తుడిచి ఎడ్ల పక్కనే నిలబెట్టారు. కొనడానికి ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ కారు కావాలి. ముగ్గురూ అక్కర్లేనట్టే మొహాలు పెట్టారు. ఒకరు ఆకాశం చూస్తున్నారు, ఒకరు ఎడ్లను చూస్తున్నారు, ఒకరు విసనకర్రతో విసురుకుంటున్నారు. దగ్గరికెళ్ళి చూస్తే ధర పెరిగిపోతుందని వాళ్ళ భయం!

ముందు పాత ఇనుము వర్తకుడు గుర్నాథం గొంతు సవరించుకున్నాడు. "ఏం పిల్లా, రంగంతా వెలిసిపోయింది. దీన్ని కొని నేనేం చేసుకోను? ఏదో ఇనుము లెక్కన తీసుకుంటా."

"నిజమే బాబాయ్, వెలిసిపోయింది. సరిచేసే ఇస్తాలే" అంటూ నాంచారి పక్క దుకాణంలోంచి ఎర్రరంగు డబ్బా, కుంచె తెచ్చి మూత తీసింది. "తోరణంలా మెరిసిపోవాలి!"

కుంచె కారుకు తగలబోయింది. గుర్నాథం ఒక్క గెంతు గెంతి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు, వద్దు! అది కారుతో పుట్టిన రంగు! పోతే మళ్ళీ వస్తుందా?"

"ఇనుము లెక్కన కొనేవాడికి రంగుతో పనేంటి బాబాయ్?"

గుర్నాథం ఆమె చెయ్యి వదిలేసి వెనక్కి తగ్గాడు.

తర్వాత డేరా సినిమా యజమాని కోదండపాణి ముందుకొచ్చాడు. "రంగు సంగతి వదిలెయ్ చెల్లెమ్మా. ఆ బూర ఏమిటి, బాతులా? నలుగురిలో పరువు పోతుంది. చాలా తగ్గించాలి."

"తగ్గించడం ఎందుకన్నయ్యా? పీకేసి లారీ హారను బిగించి ఇస్తా. ఊరవతల ఆవులు కూడా బెదిరిపోవాలి!" నాంచారి పానా తీసుకుని బూర మర మీద పెట్టింది.

"ఆగు తల్లీ, ఆగు!" కోదండపాణి బూరను చంటిపిల్లాడిలా రెండు చేతులా పొదువుకున్నాడు. "ఈ అరుపు వినడానికే జనం టిక్కెట్టు కొంటారు!" అనేసి నాలిక్కరుచుకున్నాడు.

సంతలో నవ్వులు మొదలయ్యాయి. ఎడ్ల బేరాలు కూడా ఆగిపోయాయి.

మూడో మనిషి లలితాంబగారు. పక్క సంస్థానం దొరసాని. పాత కార్లంటే ఆవిడకు ప్రాణం. ఆవిడ విసనకర్ర ఆపి, "సీట్ల తోలు పగిలిపోయింది కదే అమ్మాయ్" అంది.

"చింపి పారేస్తానమ్మగారూ. పూల రెక్సిను వేయిస్తా. పెద్ద పెద్ద గులాబీలు!"

దొరసాని మొహం పాలిపోయింది. "గులాబీలా! దానిమీద చెయ్యి వేశావంటే ఊరుకోను!"

నాంచారి కుంచె, పానా కింద పెట్టి, రెండు చేతులూ నడుమున పెట్టుకుంది.

"పెద్దలు ముగ్గురూ ఉన్నారు, మీరే చెప్పండి. వంక ఉందంటారు. సరిచేస్తానంటే కాళ్ళావేళ్ళా పడతారు. తీసేస్తే మీ ప్రాణం పోయేది వంక ఎలా అవుతుంది? అదే కదా దీని విలువ? మరి దేనికి తగ్గించాలి ధర?"

ఇక వంకలు పోయి ధరలు మొదలయ్యాయి. గుర్నాథం ఇనుము మాట మరిచిపోయి పెంచాడు. కోదండపాణి ఇంకాస్త పెంచాడు. దొరసాని ఆ ఇద్దరినీ దాటి ఒక మాట అంది. సరిగ్గా బస్సు ఖరీదు!

పేరయ్య కళ్ళు మెరిశాయి. "సరే అనెయ్యవే" అని గొణిగాడు.

ఒక్క మాట అంటే చాలు, బస్సు వచ్చేస్తుంది. అవతల కొండవాళ్ళు బుట్టల పక్కన కూర్చుని తన వైపే చూస్తున్నారు. కానీ నాంచారి నోట ఆ మాట రాలేదు. అక్కర్లేనట్టు నటించే హడావిడిలో ముగ్గురిలో ఎవరూ కారు ముక్కు ఎత్తి లోపలికి చూడలేదు. అక్కడుంది అసలు వంక.

"వాళ్ళు అడగలేదు, మనం చెప్పక్కర్లేదు. అదేగా పద్ధతి!" అన్నాడు పేరయ్య చెవిలో.

"లేని వంక పెట్టారని ఇప్పుడేగా వాళ్ళను నిలదీశాను నాన్నా. ఉన్న వంక దాచుకుంటే వాళ్ళకూ నాకూ తేడా ఏముంది?"

నాంచారి గట్టిగానే చెప్పింది. "అమ్మగారూ, ఒక్కమాట. దీని సొంత ఇంజను ఎప్పుడో చచ్చిపోయింది. మా నాన్న ఒక లారీ ఇంజను బిగించి నడిపాడు. బాగానే నడుస్తుంది. కానీ అది రాజహంస గుండె కాదు."

సంత అంతా గుసగుసలు. పేరయ్య తలపట్టుకుని కూర్చున్నాడు.

గుర్నాథం ఎగతాళిగా నవ్వి, "నే చెప్పలా? ఇనుమే!" అని వెళ్ళిపోయాడు. కోదండపాణి తన ధరలో సగం కోసేశాడు. దొరసాని మాత్రం దగ్గరికొచ్చి, ఇంజను చూసి, నాంచారి కళ్ళలోకి చూసింది.

"ఇంకేమైనా ఉందా?"

"ఇంకేం లేదమ్మగారూ."

"లేదంటే లేనట్టే. ఇప్పుడు నమ్ముతాను. పాత కారు, లోపల ఏం దాచారోనని ఇందాక భయపడుతూ ధర చెప్పాను. ఆ భయానికి చాలా తగ్గించుకున్నాను. ఇప్పుడు ఇంజనుకు కొంత తీసేస్తా, భయానికి తగ్గించింది కలుపుతా." ఆవిడ వేళ్ళు ముడిచి విప్పి లెక్కవేసి చెప్పింది. అది ఇందాకటి ధరకంటే ఒక పిసరు ఎక్కువే వచ్చింది!

"జాలిపడి కలపలేదు కదా?" అంది నాంచారి అనుమానంగా.

"జాలా? నాకా? అంత నమ్మకం లేకపోతే నువ్వే పెట్టు ఇంకో వంక!" అంది దొరసాని.

నాంచారి పకపకా నవ్వింది. "సరే!" అంది.

రాజహంస దొరసానితో పక్క సంస్థానానికి వెళ్ళింది. ఆ సాయంత్రమే పట్నం నుంచి బస్సు వచ్చింది. ముసలివాళ్ళు ముందు ఎక్కారు, బుట్టలు పైన ఎక్కాయి, నాంచారి స్టీరింగు పట్టింది. పేరయ్య పక్కన కూర్చుని, దారి పొడుగునా కనబడినవాళ్ళందరికీ తన కూతురు చేసిన బేరం గురించి చెప్పాడు.

లేని వంకకు తలవంచకుండా, ఉన్న వంకను దాచకుండా చెప్పిన ధరే న్యాయమైన ధర.